పావుకిలో పసుపు మింగినా...

పొద్దున్నే గ్లాసుడు పసుపునీళ్లు తాగితే ఒంట్లోని సీసం, కాడ్మియం కడుక్కుపోయి కాలేయం శుభ్రపడుతుందన్న మాట యూట్యూబ్ వీడియోల నుంచి మందులషాపు డబ్బాల దాకా పాకింది. సాక్ష్యంగా చూపేది ఎలుకల ప్రయోగాలను. కాడ్మియంతో పాటు పసుపులోని కర్క్యుమిన్ ఇచ్చిన ఎలుకల కాలేయం తక్కువగా దెబ్బతిన్నదన్నది నిజమే. కానీ అలాంటి ప్రయోగాల్లో చాలావాటిలో మందు అందేది విషానికి ముందో, విషంతో పాటో. మనిషి ఒంట్లో లోహం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చేరి, ఎప్పుడో పరీక్షలో బయటపడుతుంది. ఇక మోతాదు సంగతి. పసుపులో కర్క్యుమిన్ సుమారు నూటికి మూడు పాళ్లు ఉంటుంది. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒకేసారి 8 గ్రాముల దాకా కర్క్యుమిన్ మింగిన ఆరోగ్యవంతుల రక్తంలో దాని జాడే దొరకలేదు. ఆ 8 గ్రాములు కావాలంటే పావుకిలోకు పైగా పసుపు కావాలి.

గాజు గొట్టంలో కర్క్యుమిన్ లోహాన్ని పట్టుకుంటుంది కదా అని వాదించేవారున్నారు. పేగు దాటి రక్తంలోకి సరిగా చేరనిది కాలేయంలో దేన్ని పట్టుకుంటుంది? ఒకవేళ చేరినా, కర్క్యుమిన్ వంటి యాంటీఆక్సిడెంట్ ప్రధానంగా చేసేది లోహం రేపిన ఆక్సీకరణ ఒత్తిడిని తగ్గించడం. లోహం ఉన్నచోటే ఉంటుంది. కప్పు కారుతుంటే నేల తుడవడం లాంటిదిది. మూత్రపిండాల్లో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికే పదేళ్ల నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. సీసాన్ని బయటికి లాగడానికి సక్సిమర్ వంటి మందులున్నాయి. వాటిని వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి. అవి వాడినా, సీసం లోపలికి వెళ్లే దారి మూయకపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

‘ఎంతైనా వంటింటి దినుసే, నష్టమేముంది?’ అన్నది చివరి వాదన. కూరలో వేసే కల్తీలేని చిటికెడు పసుపుతో పేచీ లేదు. గాఢత పెంచిన గుళికలతోనే చిక్కు. పసుపు గుళికలు, పొడుల వల్ల కాలేయం దెబ్బతిన్న పది మంది కేసులను 2022లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. వారిలో ఒకరు చనిపోయారు. అంతకన్నా చేదు నిజం బంగ్లాదేశ్‌లో బయటపడింది. అక్కడ రంగు కోసం పసుపులో కలిపిన లెడ్ క్రోమేటే గర్భిణుల రక్తంలోకి సీసాన్ని మోసుకెళ్లింది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం కనబడితే, తనిఖీలు, జరిమానాలు, ప్రచారం మొదలయ్యాక 2021 నాటికి అది సున్నాకు దిగింది. కాలేయాన్ని కాపాడాలనుకునేవారు ముందుగా అడగాల్సింది గుళికల డబ్బా ధర కాదు, తాము తినే పసుపును ఎవరు పరీక్షిస్తున్నారన్నది.