అమ్మ గదికి అందని తరంగం

గోడల సంగతి ఓరుగల్లువారికి ఒకరు చెప్పాలా? గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తిచేసిన రాతికోట, దాని చుట్టూ మట్టికోట – అవన్నీ శత్రువు లోపలికి రాకుండా కట్టినవి. మట్టెవాడలోని మా రెండు గదుల ఫ్లాటు మీదికి ఏ శత్రువూ దండెత్తి రాడు. అయినా మా ఇంటి గోడలు వైఫైని మాత్రం కోటగోడల్లాగే అడ్డగించేవి.

హాల్లో ఫోను చకచకా పనిచేసేది. చివరనున్న అమ్మ గదిలోకి తీసుకువెళితే తెరమీది బొమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే నిలిచిపోయేది. అందుచేత ఆదివారం పొద్దున అమెరికాలో ఉన్న మా చెల్లెలితో మాట్లాడడానికి అమ్మ హాల్లోకి వచ్చి కూర్చునేది. ఒక పక్క టీవీ, ఒక పక్క కుక్కరు కూత, చుట్టూ మేము. "మంచిగున్నవా బిడ్డా? తిన్నవా?" అని రెండు మాటలని ఫోను నా చేతికిచ్చేది. అమ్మకు చెప్పుకునేంత కబుర్లేమీ లేవు కాబోలనుకునేవాణ్ణి.

ఇంటర్నెట్టు మనిషిని పిలిపిస్తే, "ఇంకో పెట్టె కొనాలె సార్" అన్నాడు. సరేనని డబ్బు తీయబోతుంటే ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి అడ్డుపడింది.

"ముందు ఉన్న పెట్టె ఎక్కడుందో చూశావా నాన్నా?"

చూడడమేమిటి, పెట్టించినవాణ్ణి నేనే! వచ్చేపోయేవాళ్ళ కంటికి అసహ్యంగా ఉంటుందని ఇనుప బీరువా వెనక, నేలమీద దాచాను. ఇక చూసుకోండి, తెలుగు ఎమ్మేకు మా అమ్మాయి పాఠం మొదలుపెట్టింది. తరంగం చెక్కతలుపును సులువుగా దాటుతుందట. ఇటుకగోడ దగ్గర కొంత నీరసిస్తుంది. ఇనుపచువ్వల కాంక్రీటు దగ్గర మరీ నీరసిస్తుంది. ఇనుప బీరువానో, నిలువుటద్దం వెనుక పూతనో తాకితే వచ్చిన దారినే తిరుగుముఖం పడుతుంది. నిండు నీళ్ళతొట్టి దాన్ని తాగేస్తుంది.

"అయితే అమ్మ గదిలోనే ఇంకో పెట్టె పెడితే?" అన్నాను.

"చీకటి గదిలో అద్దం పెడితే వెలుతురొస్తుందా? తరంగం ఇంకా బలంగా ఉన్న చోట, నడిమధ్యన పెడితేనే అది ముందుకు అందిస్తుంది."

సమాధానం లేక ఊరుకున్నాను. ఇంటర్నెట్టు తెచ్చేది సన్నటి గాజుతీగ; మనం లాగి వంచితే విరుగుతుంది. అందుకని ఆ మనిషినే మళ్ళీ పిలిచి తీగ పొడిగింపించి, ఇంటి నడుమ నడవాగోడకు, తలకంటె ఎత్తున పెట్టె బిగించాము. తరంగాలు యాంటెనా పొడుగునా కాక దాని పక్కలకు పరుచుకుంటాయట. అందుకని వాటిని నిటారుగా నిలబెట్టాము. అమ్మ ఫోనును 2.4 గిగాహెర్ట్జ్ దారిలో పెట్టింది అమ్మాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంలో దిట్టేగాని గోడల దగ్గర త్వరగా అలిసిపోతుంది. 2.4 నిదానస్తురాలు, గోడ దాటి వెళుతుంది. కాని ఆ దారిలో రద్దీ ఎక్కువ. అపార్టుమెంటులో ప్రతి ఇంటి పెట్టే అందులోనే కేకలు వేస్తుంటుంది. మైక్రోవేవ్ పొయ్యి కూడా అక్కడే అల్లరి చేస్తుంది. ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే చానెళ్ళు 1, 6, 11. వాటిలో రద్దీ తక్కువగా ఉన్న 11ను ఎంచింది. ఖర్చు తీగకు, కూలికి మాత్రమే.

మరుసటి ఆదివారం అమ్మ అలవాటుగా హాల్లోకి రాబోయింది. "నీ గదిలోనే మాట్లాడు అమ్మా, ఇప్పుడు వస్తుంది" అన్నాను. నమ్మకం లేకుండానే లోపలికి వెళ్ళింది. కాసేపటికి తలుపు దగ్గరికి వేసుకుంది.

పది నిమిషాలయింది. అరగంటయింది. కుక్కరు దిగింది, మా ఆవిడ వడ్డనకు పిలిచింది, అమ్మ రాలేదు. గంట దాటాక బయటికి వచ్చింది. కళ్ళు కొంచెం ఎర్రబడ్డాయి. ముఖం మాత్రం తేటగా ఉంది.

"ఏం మాట్లాడుకున్నారమ్మా ఇంతసేపు?" అన్నాను.

"తల్లీబిడ్డలకు ఎన్నో ఉంటయి. అన్నీ నీకు చెప్తరా?" అని నవ్వి కంచం ముందు కూర్చుంది.

నిజమే. ఇన్నాళ్ళూ అమ్మకు కబుర్లు లేవనుకున్నాను. లేనిది వాటిని చెప్పుకునే చోటు. తలుపు చెక్కది కనుక తరంగం లోపలికి వెళ్ళింది. అమ్మ మాట మాత్రం బయటికి రాలేదు. రాకూడదు కూడాను.

మీ ఇంట్లో కూడా పెట్టె ఏ బీరువా చాటున ఉందో ఒకసారి చూడండి. హాల్లో సరిగ్గా పనిచేస్తే సరిపోయిందనుకోకండి. చివరి గదిలో ఉన్నవారిని అడగండి.