నడకతో నిధులు సరే, నెల నెలా మందు మాటేమిటి?

లేపాక్షి: మొక్కు పెట్టుకుని నడవడం ఈ సీమ జనానికి కొత్త కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుంచి ఏటా ఎందరో తిరుమల వెళ్లి కాలినడకన కొండ ఎక్కుతారు. కదిరి నరసింహస్వామి తేరు చూడటానికి పల్లెలకు పల్లెలే కదులుతాయి. అయ్యప్ప మాల వేసుకున్నవారు నలభై ఒక్క రోజులు చెప్పులు లేకుండా తిరుగుతారు. దేవుడి కోసం ఇంత శ్రమకు వెనుదీయని ప్రాంతంలో, మనసు జబ్బుతో మూలపడిన సాటి మనిషి వైద్యం కోసం "నేను ఇన్ని కిలోమీటర్లు నడుస్తాను, మీరు ఇంత ఇవ్వండి" అని చందా పుస్తకంతో బయలుదేరే పద్ధతి మాత్రం ఇంకా వేళ్లూనుకోలేదు.

పొరుగున ఉన్న బెంగళూరులో ఈ పద్ధతి ఇప్పటికే పాతబడింది. అక్కడ 2008లో మొదలైన 10 కిలోమీటర్ల పరుగులో పాల్గొనేవారు పలువురు తమకు నచ్చిన సేవాసంస్థ పేరు చెప్పి మిత్రుల నుంచి, తోటి ఉద్యోగుల నుంచి విరాళాలు పోగుచేస్తారు. 2004లో ప్రారంభమైన ముంబయి మారథాన్‌ది కూడా ఇదే దారి. లండన్ మారథాన్ 1981లో మొదలైంది. 2017లో ఆ పరుగును ప్రత్యేకించి మానసిక ఆరోగ్య ప్రచారానికే కేటాయించారు. బ్రిటన్ రాజకుటుంబ యువకులు నడిపిన 'హెడ్స్ టుగెదర్' ప్రచారం తరఫున వేలాదిమంది తలకు నీలిరంగు పట్టీలు కట్టుకుని పరుగెత్తారు. తమ ఇంట్లో జరిగినదాన్ని నలుగురిలో చెప్పుకోవడానికి ఎందరికో అది సందర్భమైంది.

ఈ పద్ధతి లేపాక్షి దారికి వస్తే ఏమి మేలు? ఏమి ప్రమాదం? ఆలోచించవలసిన విషయమే.

అవసరం చిన్నది కాదు

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. పెద్దలలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని ఆ సర్వే తేల్చింది. అంతకన్న కలవరపరిచే అంశం మరొకటి ఉంది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా రోగులకు వైద్యం అందడం లేదు. ఆ 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ లేదు. అయినా ఇక్కడి పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఉంటుందనుకోవడానికి ఆధారం కనిపించదు.

దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాలలో ఇదొకటి. వేరుశనగ ఎండి, బోరు అడుగంటి, అప్పు మాత్రం పెరిగిన ఇళ్లు ఎన్నో. ధర్మవరంలో ముడిపట్టు ధర పెరిగినప్పుడల్లా, మరమగ్గం చీర చౌకగా బజారుకెక్కినప్పుడల్లా చేనేత ఇంట పొయ్యి మీద దెబ్బ పడుతుంది. రైతుల ఆత్మహత్యలు, నేతన్నల ఆత్మహత్యలు ఏళ్ల తరబడి వార్తలకెక్కుతూనే ఉన్నాయి. అప్పును మాత్ర తీర్చదు. గిట్టుబాటు ధర పని గిట్టుబాటు ధరే చేయాలి. కాని మగ్గం గుంతలోంచి లేచి వచ్చిన మనిషి నెలల తరబడి నిద్రపోక, తిండి మాని, మాట మానేస్తే అది అప్పు ఒక్కటే కాదు, జబ్బు కూడా. దానికి మందు ఉంది. ఆ సంగతి ఇంటివారికి చెప్పేవారే కరువు.

చెప్పినా చిక్కు తీరదు. హిందూపురం నుంచి నిమ్హాన్స్‌కు సుమారు 100 కిలోమీటర్లు. రోగిని ఒంటరిగా పంపలేరు గనుక వెంట ఒకరో ఇద్దరో వెళ్లాలి. అంటే రెండు మూడు కూలీలు పోతాయి. ఛార్జీలు, హోటల్ భోజనం అదనం. మొదటిసారి అప్పు చేసి వెళతారు. రెండోసారి బంగారం తాకట్టు పెడతారు. మూడోసారికి రోగి కాస్త తేరుకుంటాడు. "బాగానే ఉన్నాడు కదా" అని మందు ఆపేస్తారు. కొన్ని నెలలకు జబ్బు తిరగబెడుతుంది. తప్పు మందుదని, డాక్టరుదని అనుకుని గుళ్లకూ, దర్గాలకూ, భూతవైద్యులకూ తిప్పుతారు.

మొక్కుకోవడంలో తప్పు లేదు. మొక్కు పేరుతో మనిషిని కట్టేస్తేనే ముప్పు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమం అంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు కదలలేక 28 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ ఘటన దేశాన్ని కదిలించింది. గొలుసు వెనుక ఉన్నది క్రూరత్వం ఒక్కటే కాదు. దగ్గరలో వైద్యం లేకపోవడం, చేతిలో డబ్బు లేకపోవడం కూడా.

బళ్లారి చూపిన దారి

ఈ చిక్కుకు పరిష్కారం పక్క జిల్లాలోనే దొరికింది. 1985లో నిమ్హాన్స్ నిపుణులు బళ్లారి జిల్లాలో ఒక ప్రయోగం ప్రారంభించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ, ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి, కొద్దిపాటి ముఖ్యమైన మందులతో ఊళ్లోనే వైద్యం అందించారు. పెద్దాసుపత్రి అక్కరలేకుండానే చాలామందిని చక్కబెట్టవచ్చునని అది నిరూపించింది. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తొలి జిల్లాలలో మన తెలుగు జిల్లా మెదక్ ఒకటి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వం నడిపే వైద్యసేవ పొందడం ప్రతి పౌరుడి హక్కు అని అది ప్రకటించింది. సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలు పై స్థాయి సర్కారు ఆసుపత్రులన్నిటిలో జాబితాలోని అత్యవసర మందులు మానసిక రోగులకు ఎల్లవేళలా ఉచితంగా దొరకాలని కూడా శాసించింది.

అందుచేత విరాళాలు పోగుచేసేవారు ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. సర్కారు ఇవ్వవలసిన మాత్రను చందా డబ్బుతో కొనిపెట్టడం మొదలుపెడితే, సర్కారు ఆ బాధ్యత నుంచి మెల్లగా జారుకుంటుంది. చందా చేరవలసిన చోటు వేరు. బస్సు ఛార్జీ, పోయిన కూలీ, మందు మానేసిన ఇంటికి వెళ్లి తలుపు తట్టే మనిషి, కోలుకున్నవాడికి చిన్న పని - ఏ పద్దులోనూ పడని ఈ ఖర్చులే వైద్యాన్ని నిలబెడతాయి లేదా కూలదోస్తాయి.

జోలె మనకు కొత్తా?

శ్రమపడి అడగడం తెలుగునాట పాత సంప్రదాయమే. 1951లో వినోబా భావే పోచంపల్లి నుంచి నడుస్తూ భూదానం అడిగారు. 1952లో రాయలసీమ కరువు బాధితుల కోసం ఎన్.టి. రామారావు జోలె పట్టారు. ఆయనే తరువాత 1985లో హిందూపురం శాసనసభ్యుడయ్యారు. 1977 దివిసీమ ఉప్పెన అనంతరం సినీ తారలు వీధుల్లోకి వచ్చి విరాళాలు సేకరించిన సంగతి పెద్దలకు ఇంకా జ్ఞాపకమే.

అయితే ఒక తేడా ఉంది. కరువు కంటికి కనిపిస్తుంది. ఉప్పెన శవాలు ఫోటోలకెక్కుతాయి. మనసు జబ్బు ఇంట్లోనే నాలుగు గోడల మధ్య ఉండిపోతుంది. ఆడపిల్ల పెళ్లి చెడుతుందని దాస్తారు, ఉద్యోగం పోతుందని దాస్తారు. దాచిన బాధకు జోలె నిండడం కష్టం.

ఇక్కడే నడక పనికివస్తుంది. ఒకడు ఎండలో నడుస్తుంటే "ఎందుకయ్యా ఈ కష్టం?" అని అడగనివారు ఉండరు. అడిగారంటే జవాబు చెప్పవలసి వస్తుంది. ఆ జవాబులో జబ్బు పేరు బయటికి వస్తుంది. దాతల మనస్తత్వం మీద ఒలివోలా, షఫీర్ అనే పరిశోధకులు 2013లో ఒక అధ్యయనం ప్రకటించారు. సుఖంగా విందు పెట్టి అడిగినప్పటికన్న, శ్రమ, నొప్పి భరించి అడిగినప్పుడు జనం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడతారని అందులో తేలింది. మొక్కుబడి తెలిసిన మన పల్లెకు ఆ మాట వింతగా తోచదు.

ఒక్కరోజు సందడితో తీరదు

2014లో అమెరికాలో తలమీద ఐసు నీళ్లు గుమ్మరించుకునే పందెం దేశదేశాలకు పాకింది. నరాల జబ్బు ఒకదానిపై పనిచేసే సంఘానికి ఆ ఒక్క వేసవిలో 11 కోట్ల డాలర్లకు పైగా వచ్చిపడింది. ఆ ఏడాదే హైదరాబాదులో ఒక పాత్రికేయురాలు దాన్ని మన పద్ధతికి మార్చి, బకెట్టు బియ్యం పేదలకిచ్చే 'రైస్ బకెట్' పందెం మొదలుపెట్టారు. అదీ దేశమంతటా పేరు పొందింది. కాని ఐసు నీళ్ల కెరటం మరుసటి ఏడు అంత ఎత్తున లేవలేదు. కెరటాల స్వభావమే అంత. మానసిక రోగికి కావలసింది కెరటం కాదు, కుళాయి. ప్రతి నెలా, ఆగకుండా, కొద్దికొద్దిగా.

ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. హిందూపురం నుంచి లేపాక్షి బసవన్న దాకా దాదాపు 15 కిలోమీటర్లు. యాభైమంది నడుస్తారనుకుందాం. ఒక్కొక్కరూ ఇరవైమంది వద్ద కిలోమీటరుకు పది రూపాయల చొప్పున మాట తీసుకుంటే, తలా 3,000 రూపాయలు వస్తాయి. మొత్తం లక్షా యాభై వేలు. ఒక కుటుంబానికి ప్రయాణానికీ, పోయిన కూలీకీ నెలకు 500 రూపాయల చొప్పున ఇస్తే ఏడాదికి 6,000. అంటే ఆ ఒక్క ఉదయం నడక 25 కుటుంబాలను ఏడాదిపాటు ఆసుపత్రి దారి తప్పకుండా చూడగలదు. అదే లక్షన్నర బ్యానర్లకూ, టీ షర్టులకూ, వేదికకూ, అతిథుల శాలువలకూ పోతే మిగిలేది ఫోటోయే.

పరాయి డబ్బు ఎన్నాళ్లు?

ఈ జిల్లాకు పందెపు పరుగుల డబ్బు బొత్తిగా తెలియనిదేమీ కాదు. పుచ్చుకునే వైపు నుంచి బాగానే తెలుసు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో ప్రారంభించిన ఆర్డీటీకి స్పెయిన్ దాతలే పెద్ద అండ. ఆ దేశపు పరుగు వీరులు గత దశాబ్దంలో ఇక్కడికి వచ్చి మన పల్లెల మీదుగా సుదూరపు పరుగు తీసి సంస్థ పనులకు విరాళాలు కూడగట్టారు. ఎక్కడివారో మన ఎండలో పరుగెత్తి మనవారికి డబ్బు తేవడం గొప్ప సంగతే.

కాని పరదేశపు డబ్బు చట్టాల మీద ఆధారపడి ఉంటుంది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయరాదన్నారు. పెద్ద సంస్థల ద్వారా చిన్న సంఘాలకు చేరే సాయానికి అక్కడితో తెర పడింది. 2025లో ఆర్డీటీకే విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కులో పడింది. పేదలు వేల సంఖ్యలో రోడ్డెక్కవలసి వచ్చింది. ఆ వివాదంలో న్యాయాన్యాయాలు ఎలా ఉన్నా, నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. రోగి నోట్లో పడవలసిన మాత్ర ఏ దూరపు కచేరీలోని ఫైలు మీదా ఆధారపడకూడదు. కొంతైనా ఊరి డబ్బు ఉండాలి.

పెనుకొండ దగ్గర పెద్ద కార్ల ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది. చుట్టూ అనుబంధ పరిశ్రమలు వెలిశాయి. అర్హత గల కంపెనీలు లాభాలలో నూటికి రెండు రూపాయలు సమాజానికి ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. కార్మికులు నడిచి తెచ్చిన ప్రతి రూపాయికీ కంపెనీ మరో రూపాయి కలిపితే నిధి రెట్టింపవుతుంది.

లెక్క చెప్పాలి, గుట్టు కాపాడాలి

లేపాక్షికి వచ్చే యాత్రికులకు విరూపణ్ణ కథ చెప్పనివారు లేరు. విజయనగర కోశాగారం సొమ్ము రాజు ఆజ్ఞ లేకుండా గుడికి ఖర్చు పెట్టాడన్న అభియోగం వచ్చిందనీ, శిక్ష పడకముందే తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టుకున్నాడనీ, ఆ మరకలు నేటికీ ఉన్నాయనీ చెబుతారు. చరిత్ర ఎంతో, ఐతిహ్యం ఎంతో గాని అందులో రెండు హెచ్చరికలు ఉన్నాయి. మంచి పనికి ఖర్చుచేసిన సొమ్మయినా లెక్క చెప్పకపోతే నింద తప్పదు. నింద మోస్తున్న మనిషిని ఒంటరిగా వదిలేస్తే ఘోరం తప్పదు.

కనుక నడక జరిపే సంఘాలు మొదటి రోజు నుంచే రసీదు పుస్తకం పెట్టాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎన్ని కుటుంబాలకు చేరింది అన్నది మూడు నెలలకోసారి పంచాయతీ కార్యాలయం బోర్డు మీద రాయాలి. రోగుల పేర్లు మాత్రం ఎక్కడా రాయరాదు. వారిని వేదిక ఎక్కించి కన్నీళ్లతో చందాలు రాబట్టడం దానం కాదు. రోగి అనుమతి లేకుండా ఫోటోనైనా, వివరాలనైనా పత్రికలకివ్వడం 2017 చట్టం ప్రకారం కూడా కూడదు. కోలుకున్నవారు తమంతట తాము నడుస్తామని ముందుకొస్తే గౌరవంగా ఆహ్వానించాలి. బలవంతం పనికిరాదు. ఎండ ముదరకముందే నడక ముగించడం, వెంట వైద్యుడు ఉండేట్టు చూడటం కూడా నిర్వాహకుల బాధ్యతే.

ఏటా అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. 2022లో అదే రోజున కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ సహాయ ఫోను మొదలుపెట్టింది. 14416 నంబరుకు పగలైనా రాత్రయినా, పైసా ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడవచ్చు. నడిచేవారు ప్రతి ఒక్కరూ ఆ ఐదు అంకెలను చొక్కా వెనుక రాసుకున్నా దారి పొడవునా కొందరికి మేలు జరుగుతుంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలలోని రోటరీ, లయన్స్ వంటి సంఘాలు, చేనేత సహకార సంఘాలు, కళాశాలల విద్యార్థులు పూనుకుంటే ఇది అసాధ్యం కాదు. జిల్లా వైద్యాధికారులు కూడా సర్కారు ఆసుపత్రులలో మానసిక రోగుల మందులు ఏ నెలా లోటు రాకుండా చూడాలి. బసవన్న దగ్గర ఎంతమంది చేరారు, ఎన్ని ఫోటోలు దిగారు అన్నది ఆ రోజు ముచ్చట. మరుసటి ఉగాదినాటికి ఎన్ని ఇళ్లలో మందు ఆగకుండా సాగింది, ఎంతమంది తిరిగి మగ్గం ఎక్కారు, ఎంతమంది మడక పట్టారు అన్నదే అసలు లెక్క.