అగ్గికొండ అంచున... తెల్లటి ఊళ్లు!

సున్నం వేసిన తెల్లటి ఇళ్లు, ఆకాశం రంగు గుమ్మటాలు, కింద ముదురు నీలి సముద్రం... క్యాలెండర్ల మీదో కంప్యూటర్ తెర మీదో ఈ బొమ్మ చూడనివాళ్లు అరుదు. గ్రీసు దేశంలోని శాంటోరినీ దీవి అది. అయితే ఆ ఇళ్లున్నది మామూలు కొండ మీద కాదు, అగ్నిపర్వతం పేలిపోగా మిగిలిన అంచు మీద!

సుమారు 3,600 ఏళ్ల కిందటి సంగతి. అగ్నిపర్వతం బద్దలై దీవి నడిమి భాగం కుంగిపోయింది. ఆ గోతిలోకి సముద్రం చొరబడింది. మిగిలింది నెలవంక లాంటి నేల, నీళ్లలోంచి 300 మీటర్ల దాకా నిట్టనిలువుగా లేచిన కొండ అంచు. ఫిరా, ఇయా ఊళ్లు ఉన్నది ఆ అంచునే. చాలా ఇళ్లను గట్టిపడిన బూడిదనే తొలిచి గుహల్లా కట్టుకున్నారు. అవి ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటాయి. సాయంత్రమైతే చాలు, సూర్యాస్తమయం కోసం ఇయా సందులన్నీ జనంతో కిటకిటలాడిపోతాయి.

అసలు చూడాల్సింది మాత్రం అక్రోతిరి. 1967లో పురావస్తు శాస్త్రవేత్త స్పిరిడాన్ మారినాటోస్ ఇక్కడ తవ్వకాలు మొదలుపెడితే, బూడిద కింద ఊరికి ఊరే బయటపడింది. రెండు మూడంతస్తుల మేడలు, మురుగు కాలువలు, ధాన్యం దాచుకునే పెద్ద కుండలు, గోడల మీద రంగుల బొమ్మలు... అన్నీ ఉన్నాయి. మనుషుల అస్థిపంజరాలు మాత్రం దొరకలేదు. ముందుగా భూమి కంపించడంతో, విలువైనవి తీసుకుని వెళ్లిపోయి ఉంటారని పరిశోధకుల అంచనా.

పిల్లలకైతే నల్ల ఇసుక ఉన్న పెరిస్సా, కమారి తీరాలు భలే సరదా. పడవెక్కి నియా కమేని అనే చిన్న దీవికి వెళ్తే 1950లో చివరిసారి నిప్పు కక్కిన నేల మీద నడిచి రావచ్చు. ఫిరా పాత రేవు నుంచి ఊళ్లోకి 580కి పైగా మెట్లున్నాయి. ఓపిక లేకపోతే కేబుల్ కారు ఉంది. గాడిదలూ ఉన్నాయి కానీ, వాటి మీద 100 కిలోలకు మించి బరువు వెయ్యకూడదని 2018లో నిబంధన పెట్టారు.

తిండి విషయంలో శాకాహారులకూ దిగుల్లేదు. ఇక్కడి 'ఫావా' అచ్చం మన ముద్దపప్పులా ఉంటుంది. పైన ఉల్లిపాయ ముక్కలూ ఆలివ్ నూనె వేసిస్తారు. చిన్న టొమాటోలతో పకోడీల్లాంటివీ చేస్తారు. వానలు తక్కువ, గాలి ఎక్కువ కాబట్టి ద్రాక్షతీగల్ని మనలా పందిళ్లకు పాకించరు. నేల మీదే గంపలా చుడతారు. గుత్తులు ఆ గంపలో దాక్కుని, సముద్రం మీంచి వచ్చే మంచు తేమతో పెరుగుతాయి.

దీవి జనాభా 15 వేల చిల్లరే. 2023లో వచ్చిన పర్యాటకులేమో దాదాపు 34 లక్షలు! నీళ్లూ రోడ్లూ చాలక స్థానికులు మొత్తుకున్నారు. దాంతో విహార నౌకల్లో వచ్చేవాళ్లను 2025 నుంచి రోజుకు 8 వేలకు పరిమితం చేశారు. ఆ ఏడాది జులై నుంచి, రద్దీ నెలల్లో వాళ్ల దగ్గర మనిషికి 20 యూరోల రుసుమూ పెట్టారు. అందుకే ఏప్రిల్-మే, లేదంటే సెప్టెంబరు-అక్టోబరు నెలల్లో వెళ్తే మంచిది. వెళ్లడానికి షెంజెన్ వీసా కావాలి. ఏథెన్స్ నుంచి విమానంలో ముప్పావు గంట. పిరేయస్ రేవు నుంచి ఓడలో అయితే అయిదు నుంచి ఎనిమిది గంటలు.

అగ్గికొండ పక్కన కాపురం తేలికేం కాదు. 1956లో వచ్చిన భూకంపానికి 50 మందికి పైగా చనిపోయారు. ఎన్నో కుటుంబాలు దీవి వదిలి వెళ్లిపోయాయి. 2025 ఫిబ్రవరిలో రోజుల తరబడి వందలకొద్దీ ప్రకంపనలు రావడంతో బడులు మూసేశారు. 11 వేల మందికి పైగా ఓడల్లో, విమానాల్లో తరలిపోయారు. అక్రోతిరివాళ్లలాగే మూటాముల్లె సర్దుకున్నారన్నమాట. ఒకటే తేడా... వాళ్లకు మళ్లీ ఆ ఇళ్లు దక్కలేదు. వీళ్లు మాత్రం నేల కుదుటపడగానే తిరిగొచ్చి తలుపులు తెరిచారు!