కొత్తగా కొనే పాతబట్టలు

కొత్త బట్టకు ఓ మూల పసుపు అద్ది, దేవుడి ముందు పెట్టి, ఆ తర్వాత ఒంటిమీద వేసుకోవడం మన ఇళ్ళల్లో ఆనవాయితీ. ఈమధ్య ఈ ఆనవాయితీకి ఓ చిక్కు వచ్చిపడింది. మనవడు పండక్కి కొనుక్కొచ్చిన నీలం పాంటును బామ్మగారు రెండు చేతులా ఎత్తి చూస్తారు. మోకాళ్ళ దగ్గర చిరుగులు, తొడలమీద వెలిసిన మచ్చలు, కాలి అంచున వేలాడే పీచు. "ఇదేమిట్రా, పాతసామాన్ల వాడికి వేయవలసింది ఇంటికి తెచ్చావు?" అంటారు. "పాతది కాదు బామ్మా, కొత్తదే. నాలుగు వేలు!" అంటాడు వాడు. పసుపు ఎక్కడ పెట్టాలో తోచక ఆవిడ వేలు గాలిలోనే ఆగిపోతుంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, ఇందులో నవ్వుతో తీరిపోని సంగతి ఒకటుంది. ఆ నాలుగు వేలూ మనం దేనికి ఇచ్చినట్టు? గుడ్డకా, కుట్టుకా, పేరుకా, చిరుగుకా? తండ్రిగారు "దండగ" అని ఒక్కమాటతో కొట్టేస్తే కుర్రవాడు వినడు. "మీకు ఫ్యాషను తెలియదు" అని కుర్రవాడంటే తండ్రిగారు ఒప్పుకోరు. ఇద్దరూ కలిసి ఆ పాంటును తిరగేసి లోపలివైపు చూస్తే మాత్రం సగం తగాదా అక్కడికక్కడే తీరిపోతుంది.

మొరటు బట్ట మీద మోజు పడటం తప్పేమీ కాదు. ఆ బట్ట పుట్టిందే గౌరవమైన పనికి. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని రీనో అనే ఊళ్ళో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. కట్టెలు కొట్టుకునే ఒక కూలీ భార్య వచ్చి, తన భర్తకు ఎన్నాళ్ళయినా చిరగని లాగు కుట్టిపెట్టమంది. గుర్రాలమీద కప్పే దుప్పట్లకు వాడే రాగి రివెట్లు డేవిస్ బల్లమీద ఉన్నాయి. జేబు మూలలే ముందు చిరుగుతాయి గదా అని వాటిని అక్కడ బిగించాడు. ఆ లాగులకు గిరాకీ పెరిగింది. పేటెంటు ఖర్చు భరించే స్థోమత లేక, తనకు గుడ్డ సరఫరా చేసే శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు లీవై స్ట్రాస్‌కు 1872లో ఉత్తరం వ్రాశాడు. 1873 మే 20న ఇద్దరికీ కలిపి పేటెంటు వచ్చింది. ఈనాటి జీన్స్ పాంటు కథ అక్కడ మొదలైంది.

ఈ కథలో గమనించవలసింది ఒకటుంది. ఆ రివెట్టు అలంకారానికి పెట్టింది కాదు. చిరుగుతుందనుకున్న చోట చిరగకుండా పెట్టింది. వెనకజేబుల రివెట్లు కుర్చీలనూ, గుర్రపు జీనులనూ గీకేస్తున్నాయని జనం మొరపెట్టుకుంటే 1937లో వాటిని గుడ్డ లోపలికి దాచేశారు. అంటే ప్రతి కుట్టుకూ, ప్రతి మేకుకూ ఒక కారణం ఉండేది. ఇప్పుడు పాత కాలపు మాదిరి అని అమ్మే బట్టను పరీక్షించడానికి మనకు కావలసిన ప్రశ్న కూడా అదే: ఇది ఇక్కడ ఎందుకుంది? పనికా, చూపుకా?

ముందు గుడ్డ సంగతి చూద్దాం. చేనేత ఊళ్ళు చూసిన మనకు పడుగూ పేకా కొత్తగా చెప్పనక్కరలేదు. డెనిమ్‌లో పడుగు నూలుకు నీలిమందు పట్టిస్తారు. పేక నూలును తెల్లగానే ఉంచుతారు. పేక పోగు మూడు పడుగు పోగుల కిందుగా, ఒక దాని మీదుగా పోతుంది. అందుచేత పైకి నీలం, లోపలికి తెలుపు కనిపిస్తాయి. గుడ్డమీద ఏటవాలు గీతలు పడతాయి. నూలును తాళ్ళలాగా పోగుచేసి నీలిమందు తొట్టిలో ముంచి, పైకెత్తి గాలికి ఆరబెట్టి, మళ్ళీ ముంచుతారు. తొట్టిలోంచి ఆకుపచ్చగా వచ్చిన పోగు గాలి తగలగానే నీలమవుతుంది. ఎన్నిసార్లు ముంచినా రంగు పోగు చుట్టూ పడుతుంది గాని నడిబొడ్డుకు చేరదు. రాపిడికి పైరంగు అరిగేకొద్దీ లోపలి తెలుపు బయటపడుతుంది. జీన్స్‌కు వచ్చే ఆ పాతదనపు అందం రహస్యం ఇంతే.

కాబట్టి లోపలి చీటీ ముందు చదవండి. నూటికి నూరుపాళ్ళూ నూలా, సాగే దారం కలిపారా? నూటికి ఒకటి రెండు పాళ్ళు సాగే దారం ఉంటే కూర్చోవడానికీ లేవడానికీ సుఖమే. కాని ఇస్త్రీ వేడికీ, వేడినీళ్ళ ఉతుకులకూ ఆ దారం బిగువు సడలి, మోకాళ్ళ దగ్గర సంచుల్లా వేలాడుతుంది. పదేళ్ళు ఉండాలని కొనేవారు నూలు వైపే చూడాలి. బరువును చదరపు గజానికి ఇన్ని ఔన్సులని చెబుతారు. 12 నుంచి 14 ఔన్సులది మామూలు గట్టిగుడ్డ. 16 దాటితే బరువైనది. గోదావరి జిల్లాల ఉక్కలో, రామగుండం ఎండలో 16 ఔన్సుల గుడ్డ తొడుక్కోవడం తపస్సే. మన వాతావరణానికి 11, 12 ఔన్సులు చాలు. ముందే కుదించని గుడ్డ అయితే మొదటి ఉతుకులో నూటికి పదిపాళ్ళ దాకా కుదించుకుపోవచ్చు. 32 అంగుళాల కాలు 29కి వచ్చిందంటే అది చాకలి తప్పు కాదు. కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

ఇక దుకాణాల్లో గొప్పగా చెప్పే మాట సెల్వెడ్జి. పాంటు కాలు మడిచి, లోపల తెల్లని అంచూ, దానిమీద ఎర్రదారమూ చూపిస్తారు. మంగళగిరి చీర అంచు చూసిన ఇల్లాలికి ఇందులో వింత కనిపించదు. నాడె అటు వెళ్ళి, తెగకుండా ఇటు తిరిగివచ్చి నేసిన గుడ్డకు రెండు వైపులా అంచు మూసుకుపోతుంది, దారం ఊడిరాదు. పాత నాడె మగ్గాల మీద డెనిమ్ సుమారు 30 అంగుళాల పన్నాతోనే వచ్చేది. ఒక పాంటుకు 3 గజాలు కావలసివచ్చేది. నాడె లేని కొత్త మగ్గాలు అంతకు రెట్టింపు వెడల్పున, ఎన్నో రెట్లు వేగంగా నేస్తాయి. అందుకే అమెరికా మిల్లులు పాత మగ్గాలను వదిలించుకున్నాయి. జపాన్‌లో కురాబో మిల్లు 1973లో సొంత డెనిమ్ నేసింది. ఆ తర్వాత ఒకయామా ప్రాంతంలోని కొజిమా ఊరు ఈ పాత పద్ధతి నేతకు పేరెక్కింది. అమెరికాలో గ్రీన్స్‌బరోలోని వైట్ ఓక్ మిల్లు చాలాకాలం అదే పని చేసి 2017 చివర్లో మూతపడింది.

అయితే ఆ ఎర్రదారం ఏ మగ్గంమీద నేశారో చెబుతుంది గాని, ఏ నూలుతో నేశారో చెప్పదు. నాసి నూలును నాడె మగ్గం మీద నేసినా అంచు మూసుకునే ఉంటుంది. మామూలు మగ్గం గుడ్డ అయినా మంచి పొడుగుపీచు పత్తితో, శ్రద్ధగా నేస్తే పదేళ్ళు ఉంటుంది. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి వాచీ ఒక్కటే చూసి సంబంధం ఖాయం చేసుకుంటామా? ఇదీ అంతే.

కుట్టు దగ్గర మాత్రం మోసం దాగదు. పాంటును పూర్తిగా తిరగెయ్యండి. కాలి పక్కకుట్టులో రెండు అంచులనూ ఒకదానిలో ఒకటి మడిచి, రెండు వరసలు కుట్టారా, లేక అంచులు దారంతో చుట్టి వదిలేశారా? మడిచి కుట్టినది గట్టిది. నాలుగు కుట్లూ కలిసే తొడల మధ్య చోటును రెండు చేతులా పట్టి లాగి చూడండి. సూది రంధ్రాలు నోళ్ళు తెరిస్తే అది మీతో ఎక్కువ కాలం కాపురం చెయ్యదు. జేబు మూలల్లో, బెల్టు పట్టీల దగ్గర దగ్గరదగ్గరగా అడ్డంగా కొట్టిన గట్టికుట్టు ఉందా? జేబు లోపలి సంచిని వేళ్ళతో నలపండి. పాంటు చిరగకముందే తాళంచెవులు ఆ సంచిని చించేస్తాయి. పైకి కనిపించదని అక్కడే పొదుపు చేస్తారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. జిప్పును పదిసార్లు వేసి తియ్యండి. దుకాణదారు చిరాకు పడితే పడనివ్వండి. డబ్బు మనది.

బెల్టులకూ ఇదే సూత్రం. ఒకే తోలుపట్టీనా, పలచని పొరలు అతికించారా అన్నది పక్క అంచు చూస్తే తెలుస్తుంది. బూట్లయితే, అడుగు అరిగితే చెప్పులు కుట్టేవాడు కొత్త అడుగు వెయ్యగలడా అని అడగాలి. బాగుచేసుకోవడానికి వీలున్న వస్తువుకే గట్టి వస్తువనే పేరు తగును.

ఇప్పుడు ఆ చిరుగుల సంగతి. పాతదనం రెండు విధాలుగా వస్తుంది: తొడుక్కున్నవాడి కదలికవల్ల వచ్చేది ఒకటి, కార్ఖానాలో చేయించేది రెండోది. రాళ్ళతో ఉతికి, మందులు చల్లి, గీకి, చించి పదేళ్ళ అరుగుదలను ఒక్కపూటలో తెస్తారు. ఆ పదేళ్ళ ఆయుష్షులో కొంత దుకాణంలోనే ఖర్చయిపోతుంది. తక్కువ మన్నే వస్తువుకు ఎక్కువ కూలి ఇచ్చి కొంటున్నామన్నమాట.

నష్టం మన జేబుతో ఆగలేదు. టర్కీలో చిన్నచిన్న షెడ్లలో కుర్రవాళ్ళు గాలి గొట్టాలతో డెనిమ్ మీదికి ఇసుక చిమ్మి రంగు వెలయించేవారు. ఆ ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వచ్చింది. రాతి క్వారీల కూలీలకు వచ్చే జబ్బే ఇది. వస్తే పోదు. గనిలో పనిచేసేవాడి కోసం పుట్టిన బట్టను పాతదిగా కనబరచడానికి, గని మొహం చూడని కుర్రవాళ్ళు గని జబ్బుతో చచ్చిపోయారు. టర్కీ ప్రభుత్వం 2009లో ఈ పద్ధతిని నిషేధించింది. 2010లో లీవైస్, హెచ్ అండ్ ఎం వంటి పెద్ద కంపెనీలు మానుకుంటామని ప్రకటించాయి. ఇప్పుడు చాలాచోట్ల లేజరు యంత్రాలతో ఆ మచ్చలు తెస్తున్నారు. అది మేలే. కాని ఏ పాంటు వెనక ఏ షెడ్డు ఉందో అంగట్లో వేలాడే బట్ట చెప్పదు. ముదురు నీలంలో, చిరుగూ మచ్చా లేని పాంటు కొంటే ఆ అనుమానమే అక్కరలేదు.

చివరికి లెక్క. మాట వరసకు 1,500 రూపాయల పాంటును వారానికోసారి వేసుకుంటే ఏడాదికి 50 సార్లు. అప్పటికి చిరిగిపోతే ఒక్కోసారికి 30 రూపాయలు పడింది. 6,000 పెట్టి కొన్నది ఆరేళ్ళు ఉంటే 300 సార్లు, ఒక్కోసారికి 20. ఇక్కడ ఖరీదైనదే చవక. మరి 25,000 పెట్టి జపాను పాంటు కొంటే? ఆ 20 రూపాయల లెక్కకు దిగాలంటే 1,250 సార్లు తొడగాలి. అంటే వారానికోసారి చొప్పున పాతికేళ్ళు. అప్పటికి పాంటు ఉన్నా నడుము చుట్టుకొలత ఉండదు. అది నెమ్మదిగా నడిచే మగ్గానికీ, పనివాడి చేతికీ, అరుదుకూ ఇచ్చే ధర. తన సంపాదనతో, ముచ్చటపడి కొనుక్కునేవాణ్ణి ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. దాన్ని పొదుపు అని ఇంట్లో నమ్మించబోతే మాత్రం ఒప్పుకోకండి.

కొన్న తర్వాత కొంచెం ఓపిక కావాలి. నెలల తరబడి ఉతకకూడదని కొందరు నియమం పెట్టుకుంటారు. మన చెమటకూ దుమ్ముకూ అది పనికిరాదు. చిక్కిన మట్టి పోగును లోలోపల కోస్తుంది. మాసినప్పుడు తిరగేసి, చన్నీళ్ళలో ఉతికి, నీడన ఆరవేస్తే చాలు. మొదట్లో నీలం ఊడుతుంది గనుక తెల్లబట్టలతో కలపవద్దు. గుడ్డ పలచబడిందనిపించగానే, చిరగకముందే, లోపలినుంచి మాసిక వేయించండి.

రెండేళ్ళు గడిచేసరికి మోకాలి మడతలో, జేబులో ఫోను పెట్టుకునేచోట, సైకిలు సీటు రాసుకునేచోట నీలం తేలిపోయి తెల్లగీతలు వస్తాయి. అవి ఆ అబ్బాయి నడకవల్ల వచ్చిన గీతలు. అంతవరకూ ఆగలేనివాడు మాత్రం కొనేముందు ఓసారి తిరగేసి చూసుకోవాలి.