తాత వేసుకోని జెర్సీ

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసును రోడ్డు పక్కన నిలబడి ఉచితంగా చూడొచ్చు. రేసు రివ్వున పోయేది క్షణాల్లోనే. అంతకుముందు ఎదురుచూపు గంటల కొద్దీ. ఆ ఖాళీలో అభిమానులు కబుర్లు చెప్పుకోక ఏం చేస్తారు?

వాటిలో రుచి చుట్టరికాలదే. మాథ్యూ వాన్ డెర్ పోల్ నెదర్లాండ్స్ సైక్లిస్టు. పుట్టింది బెల్జియంలో, తల్లి ఫ్రాన్స్ ఆడపడుచు. ఆమె తండ్రి రేమండ్ పులిడోర్ టూర్‌లో ఎనిమిదిసార్లు మొదటి ముగ్గురిలో నిలిచినా, ఆధిక్యంలో ఉన్నవారు వేసుకునే పసుపు జెర్సీ ఒక్కరోజూ వేసుకోలేదు. 2019లో కన్నుమూశాడు. 2021లో మనవడు ఆ జెర్సీని గెలిచి ఆకాశం వైపు వేలు చూపించాడు. చుట్టరికం తెలియకపోతే ఆ వేలికి అర్థమేముంది?

ఆటగాళ్ల పెళ్లిళ్ల ఆరాలు మాత్రం అనవసరం.

జూలైలో యూరప్‌లోని పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దలు ఐఫెల్ టవర్‌తో సరిపెట్టుకోకుండా, పులిహోర పొట్లంతో ఓ పూట టూర్ సాగే రోడ్డెక్కొచ్చు. ప్రచార బళ్లు టోపీలూ విసురుతాయి.