ఇనుములోని లెక్క

విశాఖపట్టణమున సముద్రతీరమున కాపురముండువారి కిటికీ కమ్ములకు ఎన్నిమారులు రంగు పూయించినను త్రుప్పు తప్పదు. ఆ త్రుప్పులో నున్నది ఇనుము. బైలదిల్లా కొండలనుండి రైలుమీద రేవునకు దిగుచున్న ఎఱ్ఱరాతిలో నున్నదియు, గర్భిణులకు వైద్యులిచ్చు మాత్రలో నున్నదియు ఇనుమే. ఒకే ఇనుము ఇన్ని రూపుల నెట్లున్నదని పిల్లలడిగినచో, పరమాణువులోని కణములను లెక్కించి చెప్పవచ్చును. కూడికయు తీసివేతయు వచ్చిన చాలును.

పరమాణువు నడుమ కేంద్రకము కలదు. అందు ప్రోటానులును న్యూట్రానులును ఇమిడియుండును, వెలుపల ఎలక్ట్రానులుండును. ఇనుము పరమాణుసంఖ్య 26. అనగా ప్రోటానులు 26. ఒకటి హెచ్చినచో నది ఇనుము గాదు, కోబాల్టు. ఒకటి తగ్గినచో మాంగనీసు. కావున ప్రోటానుల సంఖ్య పదార్థమునకు ఇంటిపేరు వంటిది. ఇక ద్రవ్యరాశిసంఖ్య 56. ఇందుండి 26 తీసివేయగా మిగిలిన 30 న్యూట్రానులు.

పాఠ్యపుస్తకమున 55.85 అని చూచి పిల్లలు తికమకపడుదురు. అది సగటు బరువు. ఇనుప పరమాణువులలో నూటికి సుమారు 92 పాళ్లు 56 సంఖ్య గలవి. తక్కినవి 54, 57, 58 సంఖ్యలవి. వానియందును ప్రోటానులు 26. న్యూట్రానులు మాత్రము వరుసగా 28, 31, 32. న్యూట్రానులను లెక్కించునపుడు దశాంశముతో పనిలేదు.

ఈ న్యూట్రానును 1932లో కనుగొన్నవారు చాడ్విక్ పండితులు. లివర్పూలున వారియొద్ద పనిచేసిన స్వామి జ్ఞానానందగారే పిదప వాల్తేరున ఆంధ్రవిశ్వకళాపరిషత్తునందు కేంద్రక భౌతికశాస్త్ర శాఖకు ఆద్యులైరి. యోగసాధకుడు కేంద్రకముల పరిశోధనకు పూనుకొనుట మాకెంతయు ముచ్చటగొల్పుచున్నది.

ఎలక్ట్రానుల లెక్కయే కొంత మెలకువతో చేయవలసినది. ఏ కొఱతయులేని పరమాణువులో నవి ప్రోటానులతో సమానము, అనగా 26. ఎఱ్ఱరాతిలోను త్రుప్పులోను ఇనుము మూడింటిని ప్రాణవాయువునకు విడిచి 23తో నుండును. కేంద్రకము చెక్కుచెదరదు, అందుచే నది ఇనుముగానే యున్నది. ఉక్కు కర్మాగారమున మండు కొలిమిలో కోకుబొగ్గునుండి పుట్టిన వాయువు రాతిలోని ప్రాణవాయువును లాగికొనగా, ఇనుము పోయిన ఎలక్ట్రానులను మరల పొందును. సముద్రపుగాలి తగులగనే ఆ ఇనుమే తిరిగి త్రుప్పునకు మొగ్గును!

ఇది కర్మాగారములవారికే చెందిన సంగతియని తలపవలదు. రక్తహీనతకిచ్చు సాధారణపు ఇనుప మాత్రలో, రెండు మాత్రమే కోల్పోయి 24 ఎలక్ట్రానులు గల ఇనుముండును. ప్రేగులు దీనిని సులువుగా గ్రహించును. ఆకుకూరలలోను ధాన్యములలోను ఉన్నది చాలవఱకు 23 గలది. అది శీఘ్రముగా ఒంటబట్టదు. నిమ్మరసములోని సి విటమిను దానికొక ఎలక్ట్రానునిచ్చి 24 చేయును. తోటకూరలో దింపినపిదప నిమ్మకాయ పిండుకొనుట, భోజనమున ఉసిరికాయ, జామపండు చేర్చుకొనుట ఇందులకే మేలు. టీలోని వగరు పదార్థము ఇనుమును పట్టి బిగించి ప్రేగులకు అందనీయదు. మాత్ర మ్రింగి వెనువెంటనే టీ త్రాగు అలవాటు మన యిండ్లలో చాల కలదు. అది మాకెంతమాత్రమును సమ్మతము గాదు. రెండింటికిని గంటయో రెండు గంటలో ఎడముంచవలెను.

పిల్లలకొక లెక్క: ఉప్పులోని సోడియమునకు పరమాణుసంఖ్య 11, ద్రవ్యరాశిసంఖ్య 23, ఒక ఎలక్ట్రాను క్లోరినునకు పోయినది. మిగిలినవెన్ని? 11 ప్రోటానులు, 12 న్యూట్రానులు, 10 ఎలక్ట్రానులు అని వ్రాసినచో సరి.