పసివాడి చేతికి అందని కారు డోరు

మారుతి స్విఫ్ట్ 2018 మోడల్‌లో వెనుక డోర్ హ్యాండిల్ మామూలు చోట ఉండేది కాదు. కిటికీ వెనుక పిల్లర్ దగ్గర, నల్లరంగులో కలిసిపోయి ఉండేది. దూరం నుంచి చూస్తే రెండు డోర్ల స్పోర్ట్స్ కారులా కనిపించాలని అలా పెట్టారు. కనిపించింది కూడా. అయితే ఇంటి కారులో వెనుక కూర్చునేది ఎవరు? బడి పిల్లలు, కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు. చిన్నపిల్లల చేయి అంత ఎత్తుకు అందడం కష్టం. 2024 స్విఫ్ట్‌లో ఆ హ్యాండిల్ మళ్లీ పాత చోటికే దిగింది.

ఇప్పటి మోజు డోర్‌తో సమంగా ఒదిగిపోయే ఫ్లష్ హ్యాండిళ్లు. మన దగ్గర మహీంద్రా ఎక్స్‌యూవీ700, టాటా కర్వ్ వంటి కార్లలో వచ్చాయి. వీటివల్ల గాలి నిరోధం తగ్గుతుందంటారు. నిజమే, కాస్త తగ్గుతుంది. కానీ ఆ నిరోధం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వద్ద ఉన్నదాంట్లో 40 కిలోమీటర్ల వద్ద ఆరో వంతు కూడా ఉండదు. ఊళ్లో ట్రాఫిక్‌లో తిరిగే కారుకు ఈ లాభం లెక్కలోకి రాదు. అందం కోసమే పెట్టామంటే పోయేదానికి ఏరోడైనమిక్స్ సాకు ఎందుకో!

అసలు చిక్కు హ్యాండిల్ వెనకాల ఉంది. పాత పద్ధతిలో హ్యాండిల్ లాగితే ఒక కడ్డీయో కేబులో గడియను కదుపుతుంది, చేతి బలమే చాలు. ఎలక్ట్రానిక్ డోర్‌లో ఆ పని మోటారుది. దానికి సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీ నుంచి కరెంటు అందాలి. ప్రమాదంలో ఆ సరఫరా తెగితే సాయానికి వచ్చినవాళ్లు బయట నిలబడిపోతారు. 2021 టెస్లా మోడల్ వై హ్యాండిళ్లపై అమెరికా రహదారి భద్రతా సంస్థ 2025లో దర్యాప్తు మొదలుపెట్టింది. పిల్లలు లోపల ఉండిపోతే తల్లిదండ్రులు డోరు తీయలేకపోయారని, కొందరు అద్దం పగలగొట్టాల్సి వచ్చిందని అందిన ఫిర్యాదులే అందుకు కారణం. చైనా అయితే 2027 జనవరి 1 నుంచి కొత్త మోడళ్లకు లోపలా బయటా కరెంటు లేకుండా చేత్తో తెరిచే ఏర్పాటు తప్పనిసరి చేసింది.

ఫ్లష్ హ్యాండిళ్లన్నీ ప్రమాదకరమని కాదు. ఒక చివర నొక్కితే రెండో చివర పైకి లేచే రకంలో గడియ చేత్తోనే కదిలితే పెద్ద ఇబ్బంది లేదు. మన నిబంధనలూ చూడాల్సింది ఆ గడియనే, హ్యాండిల్ ఆకారాన్ని కాదు. ఈలోగా కారు కొనేవాళ్లు షోరూమ్‌లో పిల్లవాడి చేత వెనుక డోరు తీయించి చూడాలి. బ్యాటరీ పనిచేయకపోతే అదే డోరు లోపలి నుంచి, బయటి నుంచి ఎలా తెరుచుకుంటుందో సేల్స్‌మన్‌ను తెరిచి చూపించమనాలి.